మైక్రోస్కోప్‌ల ప్లస్ గుర్తులు

నా కుడి చెయ్యి దిక్కు ఎవ్వరూ కూసోకుండ్రి, జెర తగిలినా పానం పోతుంది. చాయ్ గూడ ఎడమ చేత్తోనే తాగుతున్న, చూస్తున్నరు కద. ఎందుకో చెప్త. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, పటాన్‌చెరుల పద్నాలుగేండ్ల సంది ల్యాబ్ నడిపే మనిషి ఒకామె మొన్న గురువారం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాంక స్టీల్ గరిటె వట్టుకొని పైపులకెల్లి సబ్బు జున్ను గోకింది. ఆ మనిషిని నేనే. ఆ పైపుల జున్ను పేరుకున్నది గూడ నా పుణ్యమే!

మా ఫ్యాక్టరీ సంగతి మీకు తెల్సు. షాంపూలు, హ్యాండ్‌వాష్‌లు చేసేటోళ్ళకు నురుగొచ్చే సరుకు చేసి పంపుతం. సీసా మీద పేరు వాళ్ళది, లోపల నురుగు మాది. దానికి అసలు సరుకు ఒక పేస్ట్. తెల్లగ, మెరుసుకుంట ఉంటది. నూటికి డెబ్బై పాళ్ళు సబ్బు, మిగిలినయి నీళ్ళు. సబ్బు అనొద్దు, సర్ఫాక్టెంట్ అనాలె. మీరు సబ్బే అనుకోండ్రి, నాకేం కోపం రాదు, కోపం తెచ్చుకునే ఓపిక లేదు.

ఈ పేస్ట్‌కు ఒక పాడు గుణం ఉన్నది. పప్పు గట్టిగైతే మనం ఏం చేస్తం? నీళ్ళు పోస్తం, పల్చగైతది. దీనికి నీళ్ళు పోస్తే గట్టివడ్తది! డెబ్బై పాళ్ళ మీద ఉన్నప్పుడు లోపల అణువులు మడతవెట్టిన చీరల లెక్క పొరలు పొరలుగ ఉంటయి. ఒకదాని మీద ఒకటి జారుతయి, పంపు వెడితే మంచిగ పోతయి. దీన్ని లామెల్లార్ ఫేజ్ అంటం. కొన్ని నీళ్ళు తగిలినయా, అవే అణువులు కట్టెల మోపు లెక్క బిగుసుకుంటయి. అది హెక్సాగొనల్ ఫేజ్. ఇగ కదలది. ఇంకా మస్తు నీళ్ళు పోస్తే గప్పుడు కరిగి షాంపూ తీరుగ అయితది. నడుమ ఉన్నప్పుడే గోసంత. అందుకే మా దగ్గర ప్రతి ట్యాంక్ మీద తెలుగుల, హిందీల, ఒడియాల రాసి ఉంటది, పేస్ట్‌ను నీళ్ళల్ల వెయ్యాలె గానీ పేస్ట్‌ల నీళ్ళు పొయ్యొద్దని.

ఏ ఫేజ్‌ల ఉన్నదో ఖాయం చేసుడు నా పని. దానికి పోలరైజింగ్ మైక్రోస్కోప్ ఉంటది. కింద ఒక పలక, మీద ఒక పలక, ఒకటి నిలువు వెలుగునే పోనిస్తే ఇంకోటి అడ్డం వెలుగునే పోనిస్తది. నడుమ ఉత్త నీళ్ళ చుక్క వెడితే అంత చీకటే. లామెల్లార్ వెడితే ఆ చీకట్ల చిన్న చిన్న గుండ్రటి వెలుగు బొట్లు కనవడ్తయి, ఒక్కో బొట్టు నడుమ ఒక్కో నల్లటి ప్లస్ గుర్తు. హెక్సాగొనల్ అయితే విసనకర్రలు విప్పినట్టు ఉంటది. అంతే నా చదువంత. ప్లస్ అంటే పంపు, విసనకర్ర అంటే ఆపు.

గురువారం ఒంటిగంటకు మైక్రోస్కోప్ రూంల కూసొని తింటున్న. ఆ రూం తలుపు మీద "తినుబండారాలు తేరాదు" అని బోర్డు ఉన్నది. ఆ బోర్డు వెట్టిచ్చింది నేనే. కానీ ఏసీ గా ఒక్క రూంలనే ఉన్నది. పొద్దుగాల నాలుగున్నరకు లేచి నలుగురికి జొన్నరొట్టెలు కొట్టి, డబ్బాలు కట్టి, అమీన్‌పూర్‌ల ఆటో ఎక్కి, పటాన్‌చెరుల దిగి కంపెనీ బస్సు వట్టుకొని పోయేటి మనిషికి ఒంటిగంటకు ఇరవై నిమిషాల చల్లగాలి వద్దా చెప్పుండ్రి. సగం రొట్టె తిన్న. గప్పుడు తలుపు తీసుకొని అంజన్న వచ్చిండు, చేతుల స్టీల్ గ్లాసు.

అంజన్నది లక్డారం. మా పేస్ట్ ట్యాంక్‌ల ఆపరేటర్. తొమ్మిదేండ్ల సంది కాంట్రాక్ట్ మీదనే ఉన్నడు. యాభై దాటినయి. ప్రతి ఏడాది పర్మనెంట్ చేసేటోళ్ళ లిస్టు పోతది, ప్రతి ఏడాది ఆయన పేరు ఉండది. ఈసారి ఉన్నది! శనివారం లిస్టు హెడ్ ఆఫీస్‌కు పోవాలె. కానీ రూల్ ఏందంటే, ఆ నెలల ఎవరి పేరు మీదనన్న తప్పు రికార్డ్ అయితే పేరు కొట్టేస్తరు. వచ్చే ఏడాది దాంక ఆగితే ఆయనకు వయసు దాటిపోతది. అంటే ఇదే ఆఖరు.

"మేడం, తప్పైంది," అన్నడు. గ్లాసుల పేస్ట్ నా ముందటికి జాపిండు.

"ఏమైంది అన్నా?"

"హోస్ కడిగేటప్పుడు ట్యాంక్ వాల్వ్ బంద్ చేసుడు యాదిమర్సిన. కడిగిన నీళ్ళు పేస్ట్‌లకు పోయినయ్. సూసుకొని ఎంటనే బంద్ చేసిన. గానీ కలిపి చూస్తే కర్ర నిలవడ్డది మేడం. ఇది పంపుల పోది."

"లాగ్‌బుక్‌ల రాసినవా?"

"రాసిన. రాయకుంటే ఎట్ల?"

నాకు ఎంత కోపం వచ్చిందో! తప్పు చేసినందుకు కాదు, రాసినందుకు. తొమ్మిదేండ్లు కష్టపడి, ఇంకో రెండు రోజులైతే అయిపోయేది, గప్పుడే నిజాయితీ చూపియ్యాల్నా అని. ఇగ ఒక్కటే దారి. గ్లాసుల ఉన్నది ఇంకా లామెల్లారే అని తేలితే నీళ్ళు పోయింది లెక్కల్నే రాదు. "గమనించినం, సరుకు మంచిగున్నది" అని ఒక్క లైన్ రాసి సంతకం వెడితే అంజన్న బయటపడ్తడు. నాకు ప్లస్ గుర్తులు కావాలె. అంతే.

చేతులు కడుక్కున్న, గా మాత్రం తెలివి ఉన్నది. స్లైడ్ తీసిన. మీద మరక ఉన్నది. తుడిచే పేపర్ చూస్తే అయిపోయి పదిహేను రోజులైతుంది, కావాలని రాసిచ్చిన కాగితం పర్చేజ్ వాళ్ళ దగ్గర నిద్రపోతుంది. ఇటు చూసిన, అటు చూసిన. ఎదురుంగ రొట్టెలు చుట్టుకొచ్చిన గుడ్డ ఉన్నది. మా అత్తమ్మ పాత కాటన్ చీర ముక్క, ఎన్నిసార్లు ఉతికిందో, దూది లెక్క మెత్తగుంటది. ఒక్క గీత వడది గాజు మీద! దానితోనే స్లైడ్ తుడిచిన. మీదేసే సన్న గాజు ముక్క గూడ తుడిచిన. శుభ్రంగ, ప్రేమగ తుడిచిన.

పేస్ట్ బొట్టు వెట్టి, కన్ను ఆనిచ్చిన. ప్లస్‌లు! ఒకటా రెండా, పండుగలకు లైట్లు వెట్టినట్టు ఎటు చూస్తే అటు ప్లస్‌లే. కుర్చీల నుంచి లేచిన నేను.

"అన్నా, లామెల్లారే! ఏం కాలేదు!"

ఒక పక్కన విసనకర్రల లెక్క గూడ ఏదో ఉండె. చూసిన. చూడలేదని అబద్ధం చెప్ప. గాజు అంచు దగ్గర ఎండిపోయి ఉంటది లే అనుకున్న. ఇంకోటి, ఏ శాంపిల్ వెట్టే ముందటైనా ఉత్త నీళ్ళతోని ఒక స్లైడ్ చేసి, అంత చీకటిగ ఉన్నదా లేదా చూడాలె. దాన్ని బ్లాంక్ అంటం. పని ఎట్ల చెయ్యాల్నో రాసి వెట్టే కాగితం ఉంటది కద, ఎస్‌ఓపీ, దాంట్ల మొట్టమొదటి లైనే అది. ఆ ఎస్‌ఓపీ రాసింది ఎవరు? చాయ్ తాగుండ్రి, చల్లారుతుంది.

అంజన్న కదలలే. "మేడం, కర్ర నిలవడ్డది కద?"

"కర్రకేం తెల్సు అన్నా? నేను అణువులు చూసిన."

"మీరు పెద్ద సదువు సదివిండ్రు. మీరు సరే అంటే సరే," అని పోయిండు. పోయేటప్పుడు గూడ గ్లాసులకు చూసుకుంటనే పోయిండు. నేను రిపోర్ట్ మీద లామెల్లార్ అని రాసి, సంతకం వెట్టి, ముద్ర గుద్ది, మిగిలిన సగం రొట్టె తిన్న. మస్తు రుచిగుండె ఆ రొట్టె, పుణ్యం చేసి తింటున్న కద.

ఇరవై నిమిషాలు గూడ కాలే. ప్లాంట్ దిక్కుకెల్లి ఒక చప్పుడు. పంపు మూలిగింది, మళ్ళ మూలిగింది, ఇగ ఆగిపోయింది. ఫోన్ మోగింది. మా ప్లాంట్ హెడ్ మిశ్రా సార్. ఉత్తరాది మనిషి, కోపమొస్తే గొంతు పెంచడు, తగ్గిస్తడు. ఆ రోజు మస్తు నెమ్మదిగ మాట్లాడిండు. "మేడం, ఆప్ కా లామెల్లార్ పైప్ మే సో రహా హై. దేఖ్ లీజియే." మీ లామెల్లార్ పైపుల నిద్రపోతుంది, వచ్చి చూసుకోండ్రి అని.

పోయి చూస్తే పంపు నిండ జున్ను, ఫిల్టర్ నిండ జున్ను. ట్యాంక్ కాడికెల్లి అవుతలి ట్యాంక్ దాంక పైపు పొడుగుత జున్ను. అంజన్న మూలకు నిలవడి ఉన్నడు.

ఉరుక్కుంట ల్యాబ్‌కు వచ్చిన. అదే స్లైడ్ మళ్ళ చూసిన, ప్లస్‌లు ఉన్నయి. ఇగ గప్పుడు బ్లాంక్ యాదికొచ్చింది. కొత్త స్లైడ్ తీసి, గుడ్డతోని తుడిచి, డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి చూసిన. ప్లస్‌లు! ఉత్త నీళ్ళల్ల! నీళ్ళు గూడ లామెల్లార్ అయినయంటే ఇగ మైక్రోస్కోప్ అన్న ఖరాబయి ఉండాలె, నేనన్న ఖరాబయి ఉండాలె. ఇంకో స్లైడ్ నల్ల కింద కడిగి, గాలికి ఆరవెట్టి, ఏం తుడవకుండ పేస్ట్ వెట్టిన. ఒక్క ప్లస్ లేదు. అన్ని విసనకర్రలే.

గుడ్డ తీసుకొని కిటికీ కాడ వెలుతుర్ల దులిపిన. తెల్లగ లేచింది. జొన్నపిండి.

రొట్టె కొట్టేటప్పుడు పీట మీద పొడిపిండి చల్లుతం కద, అది కొంత రొట్టెకు అంటుకొని గుడ్డలకు వస్తది. పిండి రవ్వ గూడ ఆ పలకల నడుమ వెలుగుతది, నడుమల నల్లటి ప్లస్‌తోని, అచ్చం లామెల్లార్ లెక్క. ఇది నాకు తెల్వదా? ఎమ్మెస్సీల చదివిన. పరీక్షల వస్తే బొమ్మ గీసి రాసిన! అంటే నేను మా ఇంటి పిండికి లామెల్లార్ అని సర్టిఫికెట్ ఇచ్చిన, ముద్ర గుద్ది మరీ.

అక్కడ్నే కూసున్న. ఏడుపొచ్చింది, ఏడ్చిన గూడ. ఏందంటే, ఆ సరుకు ట్యాంక్‌లనే ఉంటే పెద్ద కథేం లేకుండె. గోరువెచ్చని నీళ్ళల్లకు కొంచెం కొంచెం తీసుకుంట రెండు రోజుల్ల కరిగిస్తుంటిమి. చిన్న తప్పు, సార్‌ను బతిమాలుకుంటే మాటతోని పోతుండె. నేను బచాయిస్తనని పోయి ప్లాంట్ మొత్తం ఆపిన. ఇప్పుడు అందరు లాగ్‌బుక్ తెరుస్తరు. తెరిస్తే ఎవరి రాత ఉంటది? అంజన్నది.

ఇంకో మాట గూడ చెప్త, మీ కాడ దాచేదేముంది. ఆ గుడ్డ బ్యాగుల వెట్టుకుంటే నన్ను అడిగేటోడు లేకుండె. "నేను చూసినప్పుడు మంచిగనే ఉండె, తర్వాత ఏం చేసిండో" అంటే అందరు నమ్ముతుండ్రి. ఒక్క నిమిషం ఆ బుద్ధి వుట్టింది. మళ్ళ నాకే సిగ్గనిపించింది. గుడ్డ చేతుల వట్టుకొనే మిశ్రా సార్ రూంకు పోయిన.

అక్కడ అంజన్న అప్పటికే చేతులు కట్టుకొని నిలవడ్డడు. "నాదే తప్పు సార్" అంటున్నడు.

"కాదు సార్, నాది," అన్న నేను.

"ఏక్ ఏక్ కర్ కే," అన్నడు సార్, ఒక్కొక్కలే చెప్పుండ్రి అని.

చెప్పిన. గుడ్డ చూపిచ్చిన. సార్ గుడ్డ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, మళ్ళ గుడ్డ దిక్కు చూసిండు. "మత్లబ్, ఆప్ నే రోటీ కా రిపోర్ట్ దియా?" అంటే, మీరు రొట్టెకు రిపోర్ట్ ఇచ్చిండ్రా అని.

"ఔను సార్."

సార్ అంజన్న దిక్కు తిరిగిండు. పంపు వెట్టొద్దని నువ్వు చెప్పినవా అని అడిగిండు. అంజన్న నా మొఖం చూసిండు. నన్ను గూడ బచాయించాలె, అబద్ధం గూడ చెప్పొద్దు, పాపం మనిషికి రెండు దిక్కుల గోస. ఆఖరుకు, "ఒక్కసారి అన్న సార్. గానీ మేడం నా మంచికోసమే చేసింది," అన్నడు. భూమిల కుంగిపోయినట్టయింది నాకు.

సార్ కుర్చీల ఎన్కకు వాలి, నెమ్మదిగ అన్నడు, "పహ్లే పైప్ సాఫ్ కరో. ఫాంసీ బాద్ మే." ముందుగాల పైపు సాఫ్ చెయ్యండ్రి, ఉరి తర్వాత చూద్దాం అని.

ఇగ గోకుడు. నీళ్ళు కొడితే మీదమీద కరుగుతది, లోపట ఇంకింత బిగుస్తది. పైపు ముక్కలు ముక్కలు ఇప్పి, ఒక దిక్కు కర్రతోని నూకితే ఇంకో దిక్కు నేను గరిటెతోని తీసుడు. నన్ను ఎవరూ చెయ్యమనలే. ఒడిశా పనోళ్ళు, అంజన్న చేస్తుంటే నేను ఏసీల కూసుంటనా? ఆరైంది. ఇంటికొచ్చి నెత్తి మీద చెంబెడు నీళ్ళు పోసుకున్ననో లేదో, సబ్బు ముట్టకుండనే నురుగు! మా అత్తమ్మ తలుపు కొట్టి, "లోపట ఏం చేస్తున్నవే, గడప దాంక నురుగొస్తుంది" అని అడుగుతుంది. ఏమని చెప్పాలె? నాలుగు బకెట్లు అయిపోయినయి, నురుగు మాత్రం అయిపోలే.

శుక్రవారం వచ్చింది. అంజన్న డబ్బా తెరవకుండనే ఇంటికి తీసుకపోయిండంట. నేను లిస్టు సంగతి అడుగుదామని సార్ రూం తలుపు దాంక మూడుసార్లు పోయిన, మూడుసార్లు ఎన్కకొచ్చిన. ఏ మొఖం వెట్టుకొని అడుగుత?

శనివారం నాలుగింటికి సార్ పిలిచిండు. ముందట తప్పు రాసే ఫారం ఉన్నది. కారణం అన్న కాడ "ల్యాబ్ తప్పు, శాంపిల్‌కు తినే పిండి అంటింది" అని ఇంగ్లీష్‌ల రాసిండు. పేరు నాది. వాల్వ్ సంగతి "ఆపరేటర్ తనంతట తనే వెంటనే చెప్పిండు" అని ఒక్క ముక్కల ముగించిండు. కింద ఏం చర్య అంటే, నాకు మళ్ళ ట్రైనింగ్ ఇయ్యాలె. ట్రైనర్ పేరు కాడ సార్ పెన్ను ఆపిండు. ఎందుకంటే మా దగ్గర మైక్రోస్కోప్ ట్రైనర్ ఒక్కతే ఉన్నది, నేను. నాకు నేనే పాఠం చెప్పుకొని, నాకు నేనే హాజరు వేసుకోవాలె.

సార్ కొంచెం సోంచాయించి "అంజయ్య, ఆపరేటర్" అని రాసిండు.

నా నోరు ఊకోదు కద! "సార్, అట్ల కుదరది. ట్రైనర్ కంపెనీ మనిషే అయి ఉండాలె. కాంట్రాక్ట్ వాళ్ళ పేరు రాస్తే ఆడిట్‌ల పట్టుకుంటరు," అన్న. చూసిండ్రా నా తెలివి! రెండు రోజులు ఎవరి కోసం కుమిలిపోయిన్నో ఆ మనిషికే అడ్డం తగులుతున్న.

సార్ మళ్ళ పెన్ను తీసిండు. ఆపరేటర్ పక్కన కామా వెట్టి "పర్మనెంట్" అని రాసిండు. "లిస్ట్ సుబహ్ హీ చలా గయా మేడం. నామ్ హై ఉస్ కా." లిస్టు పొద్దుగాలనే పోయింది, దాంట్ల అంజన్న పేరున్నది అని.

ఉరికిన ప్లాంట్‌కు. భుజం నొప్పి యాదికే లేదు. అంజన్న డ్రమ్ములు లెక్కవెడుతున్నడు. చెప్పంగనే అట్లనే ఒక డ్రమ్ము మీద కూసుండిపోయిండు. తువాలతోని మొఖం తుడుసుకొని ఇంటామెకు ఫోన్ చేసిండు. చేసిండు గానీ మాట రాలే, ఫోన్ నా చేతుల వెట్టిండు. అవతల ఆమె "అయ్యో ఏమైంది, ఎవరు మాట్లాడేది, మా ఆయనకేమైంది" అని ఒకటే లొల్లి. నాకు గూడ మాట రాదాయె! ఇద్దరం ఆమెను రెండు నిమిషాలు భయపెట్టినం, తర్వాత ముగ్గురం ఏడ్చినం.

ఇగ ఈ రోజు సోమవారం. పొద్దుగాల పదింటికి నా క్లాస్. అంజన్న ఇస్త్రీ చేసిన అంగీ వేసుకొని, నోట్‌బుక్‌ల మూడు పేజీలు రాసుకొని వచ్చిండు. గంట సేపు చెప్పిండు. నడుమ నడుమ "మీకు తెల్వంది కాదు మేడం" అంటడు, అనుకుంటనే మళ్ళ చెప్తడు. తర్వాత పది ప్రశ్నలు, తన చేత్తోనే రాసిండు. నేను రాసి ఇచ్చిన. ఎర్ర పెన్నుతోని ఒక్కో జవాబు మీద వేలు వెట్టి చదివి దిద్దిండు, నా పదో తరగతి పేపర్ గూడ ఎవరూ గట్ల దిద్ది ఉండరు.

"ఎన్ని వచ్చినయ్ అన్నా?"

"ఆరు మేడం."

"ఆరేంది?"

"శాంపిల్ కంటే ముందుగాల బ్లాంక్ చూడాల్నా అంటే మీరు 'వీలైతే' అని రాసిండ్రు. వీలైతే ఏంది మేడం, సూడాల్సిందే కద. గట్ల ఇంకో మూడు కాడ రాసిండ్రు."

పాస్ కావాలంటే ఏడు రావాలె. తక్కువొస్తే మళ్ళ ట్రైనింగ్. ఆ ఏడు అని రూల్ వెట్టింది గూడ నేనే, ఎవరిని తిట్టుకోవాలె?

"పోనీ ఒక్క మార్కే కద అన్నా, ఏడు వెయ్యరాదు," అన్న, మెల్లగ, తలుపు దిక్కు చూసుకుంట.

అంజన్న పెన్ను మూత వెట్టి జేబుల వెట్టుకున్నడు. "ఎట్ల వేస్త మేడం? ఇప్పుడు నేను పర్మనెంట్ కద," అన్నడు.

రేపు పదింటికి మళ్ళ క్లాస్ ఉన్నది.